సీడర్ రాపిడ్స్ నుంచి ఒక ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని చదివి సంతోషించాను. అమెరికా అనగానే న్యూజెర్సీ, డల్లాస్, కాలిఫోర్నియా తప్ప మనవాళ్ల నోట మరో పేరు వినపడదనీ, అయోవా రాష్ట్రంలోని ఈ సీడర్ రాపిడ్స్‌లో జనం ఎలా బతుకుతారో, దేని గురించి దిగులు పడతారో వివరంగా రాయమనీ అడిగావు. ఈ ఊరంటే నాకు ఇష్టం కనుక కాస్త పొడవుగానే రాస్తున్నాను.

రాష్ట్రంలో డె మొయిన్ తరువాత పెద్ద నగరం ఇదే అయినా, 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉన్నది సుమారు 1,37,000 మంది. అంటే మన తెనాలి కంటే కూడా చిన్న ఊరు. నది ఒడ్డున క్వేకర్ ఓట్స్ వారి పెద్ద మిల్లు ఉంది. గాలి అటు నుంచి వీచే రోజున ఊరంతా వేగిన ధాన్యం వాసన కమ్ముకుంటుంది. విమానాలలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే కాలిన్స్ సంస్థ ఇక్కడి పెద్ద ఉపాధి కేంద్రాలలో ఒకటి. నాలాంటి తెలుగు ఇంజనీర్లు చాలామంది ఆ ఉద్యోగాల కోసమే ఇక్కడికి చేరారు. ఉగాదికీ దీపావళికీ ఏదో ఒక హాలు అద్దెకు తీసుకుని కలుసుకుంటాం, ఎవరింట్లోనైనా పురుడు వస్తే వంతులవారీగా క్యారేజీలు పంపుకుంటాం. ఇదంతా నీకు తెలిసిన సంగతే కనుక మన మాట పక్కనపెట్టి ఊరి మాట చెబుతాను.

ఈ ఊళ్లో ఏ ముసలాయనను కదిపినా సంభాషణ చివరికి నది దగ్గరకే వస్తుంది. సీడర్ నది ఊరి నడిబొడ్డు నుంచి పారుతుంది. నది మధ్యలో మేస్ ఐలండ్ అనే చిన్న లంక ఉంటే, ఊరి పెద్దలు ఒకప్పుడు నగర పాలక భవనాన్నీ, జిల్లా కోర్టునూ, జైలునూ ఆ లంకమీదే కట్టుకున్నారు. 1851లోనూ, 1929లోనూ నది 20 అడుగుల దాకా పెరిగింది కనుక అంతకు మించి రాదని అందరూ నమ్మారు. 2008 జూన్ 13న అది 31.12 అడుగులకు చేరింది. లంకమీది భవనాలతో సహా పది చదరపు మైళ్ల మేర ఊరు మునిగిపోయింది, అయిదు వేలకు పైగా ఇళ్లలోకి నీరు వచ్చింది. అమెరికాలో మసీదు కోసమే కట్టి, నేటికీ నిలిచివున్న వాటిలో అతి పాతదిగా పేరున్న 1934 నాటి మదర్ మాస్క్ ఈ ఊళ్లోనే ఉంది. దాని నేలమాళిగలో దాచిన పాత కాగితాలు కూడా ఆ వరదలోనే పాడైపోయాయి.

నేను అప్పటికి ఇక్కడికి రాలేదు. అయినా ఆ రాత్రి గురించి ఎన్నోసార్లు విన్నాను. నగరానికి తాగునీరిచ్చే పెద్ద బావులన్నీ మునిగి ఒక్కటి మాత్రం మిగిలిందనీ, దాన్ని కాపాడుకోవడానికి రమ్మని టీవీలో పిలుపు ఇవ్వగానే వందలమంది పరుగున వచ్చి ఇసుక బస్తాలు చేతులు మార్చుకుంటూ పేర్చారనీ మా పక్కింటి పెద్దాయన చెబుతుంటే ఆయన గొంతు ఇప్పటికీ మారుతుంది. ఆ బావి నిలిచింది కనుకనే ఊరికి నీళ్లు పూర్తిగా ఆగిపోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వరద తీశాక మళ్లీ ఇలా జరగకుండా గోడలూ కరకట్టలూ కట్టాలని ఊరంతా అనుకుంది. ఆ పనికి కేంద్ర ప్రభుత్వపు డబ్బు రావాలంటే సైన్యానికి చెందిన ఇంజనీరింగ్ విభాగం, ఇక్కడివారు కోర్ అని పిలిచే సంస్థ, ముందుగా లెక్క కట్టాలి. ఒక డాలరు ఖర్చు పెడితే కనీసం ఒక డాలరు నష్టం తప్పుతుందని తేలితేనే ఆ సంస్థ సరేనంటుంది. తూర్పు ఒడ్డున బ్యాంకులు, కార్యాలయాలు, మిల్లులు ఉన్నాయి కనుక అక్కడ లెక్క సరిపోయింది. పడమటి ఒడ్డున ఉన్నవి ఎక్కువగా కార్మికుల చిన్న ఇళ్లు, వాటి ధరలు తక్కువ, కాబట్టి అక్కడ గోడ గిట్టుబాటు కాదని తేలింది. చివరికి 2014లో అమెరికా కాంగ్రెస్ తూర్పు ఒడ్డు పనికి మాత్రమే అనుమతి ఇచ్చింది.

ఒకసారి ఆలోచించు. నది ఒకటే, వరద ఒకటే. అయినా ఇల్లు చవకైనది కనుక దాన్ని కాపాడటం దండగ అని కాగితం మీద తేలింది. ఆ లెక్క కట్టిన ఇంజనీర్లు చెడ్డవారు కారు, వారికి చట్టం చెప్పిన పద్ధతి అది. కానీ ఇంటి ధరను బట్టి ఆ ఇంట్లోని మనిషికి రక్షణ ఉండాలో లేదో తేల్చే పద్ధతి తప్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, 2024 సెప్టెంబరులో, నువ్వు మేడ మీద నుంచి ఫోనులో చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల కృష్ణ నీరు పారుతున్నా, కొత్త రక్షణ గోడ ఉండటం వల్ల కృష్ణలంక బయటపడిందని సంతోషిస్తూనే, మా వైపు ఎవరు చూస్తారు అని నువ్వు అడిగావు. మా పడమటి ఒడ్డువారు కూడా ఇన్నేళ్లుగా అదే అడుగుతున్నారు.

ఈ ఊరిని నేను గౌరవించడానికి కారణం, ఆ ప్రశ్నకు నగరం ఇచ్చిన జవాబు. కేంద్రం డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా గోడ రెండు ఒడ్డులా కడతామని నగర పాలక మండలి తీర్మానించుకుంది. మాట అనడం తేలికే, డబ్బు తేవడం మాత్రం చాలా కష్టమైంది. అమ్మకం పన్ను కొంత దీనికి కేటాయిద్దామని 2011లో ఒకసారి, 2012లో మరోసారి ఓటింగు పెడితే రెండుసార్లూ జనం కాదన్నారు. కొండమీది పేటలవారికి నది భయం లేదు, వారు కాదనడంలో నాకు పెద్ద ఆశ్చర్యం కనపడదు. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఇరవై ఏళ్లలో 26.4 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, 2018లో కేంద్రం 11.7 కోట్ల డాలర్లు కేటాయించింది, మిగిలినదానికి నగరం అప్పు చేసి ఆస్తి పన్ను ద్వారా తీరుస్తోంది. మొత్తం ఖర్చు 75 కోట్ల డాలర్లని అంచనా వేశారు, పని ఇంకా ముక్కలు ముక్కలుగా సాగుతోంది. పడమటి ఒడ్డున కట్టిన ఆరుబయలు రంగస్థలం మెట్లే అక్కడి కరకట్ట. మామూలు రోజుల్లో పిల్లలు వాటి మీద కూర్చుని సంగీతం వింటారు.

గోడ పూర్తికాక ముందే, 2016 సెప్టెంబరులో, నది మళ్లీ పెరిగింది. అప్పటికి నేను ఇక్కడే ఉన్నాను. ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచుల్లాంటి అడ్డుకట్టలను మైళ్ల పొడవునా నిలిపారు, బడి పిల్లల నుంచి రిటైరైనవారి దాకా అందరూ పారలు పట్టారు. నది 22 అడుగులకు కాస్త లోపే ఆగింది, ఆ తాత్కాలిక కట్టలు నిలిచాయి. ఊరి చరిత్రలో అది రెండో పెద్ద వరద అయినా నష్టం మొదటిదానితో పోల్చదగినది కాదు. పక్కనివాడి పేరు తెలియకుండానే మధ్యాహ్నమంతా వాడి సంచి నోరు పట్టుకుని నిలబడ్డ ఆ రోజునే ఇది నా ఊరు అనిపించింది.

2020 ఆగస్టు 10న వచ్చిన గాలివాన మాత్రం ఒడ్డు చూడలేదు. ఇక్కడ దాన్ని డెరేచో అంటారు. వందల మైళ్లు వరుసగా నేలను దున్నుకుంటూ సాగే తుపాను గాలి అది. ఊళ్లో కొన్నిచోట్ల గంటకు 140 మైళ్ల వేగంతో వీచిందని అంచనా. కోవిడ్ రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, ముప్పావు గంటలో ఊరి చెట్లలో సగానికి పైగా పోయాయి. దాదాపు ఊరంతా కరెంటు పోయింది, కొన్ని వీధులకు రెండు వారాల దాకా రాలేదు. నైరుతి వైపు అపార్టుమెంట్ల పైకప్పులు లేచిపోతే, కాంగో, బురుండి, మైక్రోనేషియా నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లలతో కార్లు నిలిపే స్థలంలోనే గుడారాలు వేసుకుని ఉన్నాయి. సాయం ఎక్కడ దొరుకుతుందో వారికి వారి భాషలో చెప్పేవారు తగినంతమంది లేరు. ఫ్రెంచి, స్వాహిలి తెలిసినవారు ముందుకు వచ్చారు, మన పిల్లలు కొందరు నీళ్ల సీసాలు మోశారు, సాయం క్రమంగా అందింది. అయినా అది ముందే ఉండవలసిన ఏర్పాటు అని నా అభిప్రాయం. కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషు నేర్పి నిలదొక్కుకునేలా చేసే కేథరిన్ మెకాలే సెంటర్ వంటి సంస్థలకు నగరం మరింత అండగా నిలబడాలి.

చెట్ల సంగతిలో ఊరు మంచి పనే మొదలుపెట్టింది. ట్రీస్ ఫరెవర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి రీలీఫ్ పేరుతో పదేళ్ల ప్రణాళిక వేసుకున్నారు. ఒకే రకం చెట్లు వరుసగా నాటితే ఒకే పురుగుకు అన్నీ పోతాయి కనుక, ఈ నేలకు అలవాటైన పలు జాతులను కలిపి నాటుతున్నారు. మా వీధికి బర్ ఓక్ వచ్చింది. అది నీడ ఇచ్చేనాటికి నా పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయి ఉంటారు, అయినా ఎండాకాలంలో వారే దానికి నీళ్లు పోస్తున్నారు.

నన్ను ఇంకా బాధించే విషయం మరొకటి ఉంది. వాయవ్యంలో టైమ్ చెక్ అనే పాత కార్మికుల పేట ఉండేది. 2008 తరువాత నగరం నది పొడవునా వందల ఇళ్లు కొని కూల్చివేసింది, వాటిలో చాలా భాగం ఆ పేటలోవే. ఇప్పుడు అక్కడ గడ్డి మైదానాలూ, వీధుల ఆనవాళ్లూ కనిపిస్తాయి. కొంత భూమి కరకట్టకూ, కొంత ఉద్యానానికీ పోతుంది. కట్ట పూర్తయ్యాక దాని వెనుక మిగిలిన స్థలంలో ఎలాంటి ఇళ్లు రావాలన్నదే ఇప్పుడు మా పేట సంఘంలో చర్చ. నది కనిపించే ఖరీదైన ఇళ్లే వస్తాయేమోనని పాతవారి భయం. గోడ ఎవరి పేరు చెప్పి సాధించుకున్నామో వారికి అక్కడ చోటు లేకపోతే అది అన్యాయం. మామూలు జీతగాళ్లు కొనగలిగే ఇళ్లకు కొంత భాగం కేటాయించాలని మేము అర్జీ రాశాం, సంతకాలు సేకరిస్తున్నాం. నగర పాలక మండలి సమావేశంలో ఎవరైనా లేచి కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. ఈసారి మా వీధి తరఫున నన్ను మాట్లాడమన్నారు.

నీ నుంచి ఒక సాయం కావాలి. మీ సింగ్ నగర్ వారు వరద తరువాత అధికారులకు ఇచ్చిన అర్జీల నకళ్లు ఏమైనా ఉంటే ఫోటో తీసి పంపు. ఇళ్ల ధర కాకుండా ఇంట్లో మనుషులనూ, పోయిన పనిరోజులనూ లెక్కలోకి తెచ్చారని నువ్వు ఒకసారి అన్నావు. ఆ వరుసలో మా పేట లెక్క కూడా రాసి సభలో పెట్టాలని నా ఆలోచన. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ఆశీస్సులు. వీలైనంత త్వరగా జవాబు రాయి.

నీ మిత్రుడు