వార్షిక నివేదిక: మందులు వాడేవాళ్లకు మన తోడు

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. ఈసారి ఎక్కువగా చెప్పవలసింది మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ల ఇళ్లలో చేసిన పని గురించి.

ఒడిశాలోని మన బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి స్కిజోఫ్రెనియాకు (లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు కలగడం వంటివి ఉండే మానసిక జబ్బు) వైద్యం మనకు దూరం కాదు. చిక్కంతా ఇంటికొచ్చాకే. చీటీ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మందుల షాపులో ఒడియాలో చెబుతారు, మాత్రలిచ్చే అమ్మకు చదవడం వచ్చింది తెలుగే. అందుకే మన కార్యకర్తలు చీటీని షాపులో సరిచూసుకుని, 'రాత్రి అన్నం తిన్నాక ఒకటి' అని తెలుగులో రాసి మాత్రల డబ్బాకు అంటిస్తున్నారు.

'చెవిలో మాటలు ఆగిపోయాయి, ఇంకా మందెందుకు?' అని చాలా ఇళ్లలో అడిగారు. ఆగింది మందు వల్లే. మానేసిన మర్నాడే ఏమీ కాకపోవచ్చు, కొన్ని వారాలకో నెలలకో చాలామందికి జబ్బు తిరగబెడుతుంది. తనకు జబ్బే లేదనిపించడం కూడా చాలామందిలో ఈ జబ్బు లక్షణమే. దాన్ని మొండితనమని తిట్టడం అన్యాయం.

ఒకబ్బాయి మాత్రను నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేస్తున్నాడని తండ్రి కోపంగా వచ్చారు. అబ్బాయినే అడిగాం. చేతులు వణుకుతున్నాయని, మగ్గం మీద తెగిన పోగు అతకలేకపోతున్నానని చెప్పాడు. డాక్టరు విని మోతాదు సర్దారు, వణుకు తగ్గే మాత్ర కలిపారు. ఇప్పుడు తనే అడిగి వేసుకుంటున్నాడు. వణుకు, మత్తు, బరువు పెరగడం... ఏది ఇబ్బందిగా ఉన్నా డాక్టరుకు చెప్పాలి, సొంతంగా మానకూడదు.

తెలియకుండా పప్పుచారులో మాత్ర కలపకండి. అసలే అనుమానాలతో నలిగే మనిషికి అది బయటపడితే ఇంట్లో అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. రోజూ మాత్రలంటే కష్టమైతే, రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అడగండి. ఈ జబ్బుకే ఇచ్చే క్లోజపిన్ అనే మందు వాడేవాళ్లు రక్తపరీక్షలు మానకూడదు. ఆ మందు రెండు రోజులకు మించి ఆగితే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకుండా డాక్టరును కలవాలి. కార్తీక ఉపవాసాల్లో మందు ఎలా వేసుకోవాలో ముందే కనుక్కోండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వచ్చే ఏడాది ఆసుపత్రికి తోడు వెళ్లడానికి ఒడియా బాగా వచ్చిన సభ్యులు కావాలి. ఛార్జీలు సంఘమే ఇస్తుంది. వచ్చే నెల సమావేశంలోగా కార్యదర్శికి పేర్లివ్వండి.