బెంగళూరు - చిత్తూరు బస్సులో వినడానికి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

ఎలా ఉన్నావు? అమ్మ ఎలా ఉంది? మోకాళ్ళ నొప్పికి ఆ కొత్త మందులు ఏమన్నా పని చేస్తున్నాయా?

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నా బుర్రలోనే తిరుగుతోంది. "ఏ పాట పెట్టినా లోపలికి పోవడం లేదు రా, నాలుగు నిమిషాల్లో దాని పని అది చూసుకుని పోతోంది, నేను మాత్రం ఉన్నచోటే ఉంటున్నా" అన్నావు. మీ నాయన పోయినప్పటి నుంచీ శుక్రవారం రాత్రి బస్సెక్కి చిత్తూరు రావడం, ఆదివారం మళ్ళీ బెంగళూరు పోవడం, ఇదే కదా నీ బతుకు. ఆ బస్సులో ఏం వినాలో చెప్పమన్నావు. ఉత్త లింకులు పంపితే నువ్వు తెరవవని నాకు తెలుసు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

నీకు పొడుగు పాటలు కావాలి. నిజంగా పొడుగువి. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు చూడు, 1960ల చివర్లో ఇంగ్లండులో కొంతమంది కుర్రాళ్ళు మూడు నిమిషాల పాట చట్రాన్ని వదిలేసి, ఒక్కో పాటని పది నిమిషాలూ ఇరవై నిమిషాలూ సాగదీసి కట్టడం మొదలుపెట్టారే, అవి. ఆ పేరెత్తితే చాలామంది వేళ్ళ వేగం గురించీ తాళాల లెక్కల గురించీ మాట్లాడతారు. అవీ ఉన్నాయి, కొన్ని పాటల్లో మరీ ఎక్కువయ్యాయి కూడా. వాటి జోలికి నేను పోను. నాకు కావలసినవి తొందరపెట్టని పాటలు. ఏడుపు వచ్చే చోటికి నేరుగా తీసుకెళ్ళి నిలబెట్టకుండా, చుట్టూ తిప్పి, ఆపి, కూర్చోబెట్టి, అప్పుడు తీసుకెళ్తాయి. నువ్వు చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నవాడివి, రాగం నిదానంగా పాడి పాడి అప్పుడు పల్లవి ఎత్తుకుంటే ఒళ్ళు ఎలా ఝల్లుమంటుందో నీకు నేను చెప్పాలా?

మొదట పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' విను. 1975 నాటిది. మొత్తం తొమ్మిది భాగాలు, ఆల్బమ్ మొదట్లో సగం, చివర సగం, కలిపితే ఇరవై ఆరు నిమిషాలు. మొదటి సగంలో గొంతు వినపడాలంటే ఎనిమిది నిమిషాలు దాటాలి! అంతసేపూ వాద్యాలే. నాలుగో నిమిషం దగ్గర పడుతుండగా డేవిడ్ గిల్మర్ గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు వాయించి ఆగుతాడు. మళ్ళీ అవే నాలుగు. అక్కడ ఫోన్ పక్కన పెట్టి కిటికీలోంచి బయటికి చూడు, చాలు.

ఆ పాట ఎవరి గురించో తెలిస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. సిడ్ బారెట్ అని, ఆ బృందాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు, మొదట్లో పాటలన్నీ దాదాపు అతనే రాసేవాడు. మనసు చెదిరిపోయి 1968 లో బృందం నుంచి బయటికి వచ్చేశాడు. ఏడేళ్ళ తర్వాత, 1975 జూన్ 5న, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో మిగతావాళ్ళు సరిగ్గా ఈ పాట మీదే పని చేస్తుంటే, ఒక లావాటి మనిషి లోపలికొచ్చాడు. తల గొరిగేసుకుని ఉన్నాడు, కనుబొమ్మలు కూడా లేవు. ఎవరో స్టూడియో మనిషి అనుకున్నారు. కాసేపటికి గాని తెలియలేదు వాళ్ళకి, అతను సిడ్ అని. ఎవరిని తలుచుకుని పాడుతున్నారో ఆ మనిషే వచ్చి ఎదురుగా కూర్చుంటే పోల్చుకోలేకపోయారు. బృందంలో ఒకడైన రోజర్ వాటర్స్ ఏడ్చేశాడట. బారెట్ 2006 లో పోయాడు. తొమ్మిదో భాగం ఆఖర్న చెవులు రిక్కించి విను. పాట మాసిపోతుండగా రిచర్డ్ రైట్ కీబోర్డు మీద 1967 నాటి సిడ్ పాట వరస ఒక్క ముక్క వాయించి వదిలేస్తాడు. ఎవరికీ చెప్పకుండా స్నేహితుడికి పెట్టిన దండం అది. నాకైతే ఆ ముక్క దగ్గర ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు నా ప్రాణం లాంటి పాట చెప్తా. కింగ్ క్రిమ్సన్ 'స్టార్‌లెస్', 1974, పన్నెండు నిమిషాల పైన. దీన్ని సగంలో ఆపనని నాకు మాటివ్వు.

మెల్లోట్రాన్ అని ఒక వాద్యం ఉంది. చూడ్డానికి కీబోర్డే గానీ లోపల ఒక్కో మెట్టుకీ ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ టేపులో ముందే రికార్డు చేసిన వయొలిన్ల మోత వస్తుంది, ఎనిమిది సెకన్లకి టేపు అయిపోతుంది. స్వరం కొంచెం వణుకుతూ ఉంటుంది, ఆ వణుకే దాని అందం. 'స్టార్‌లెస్' దాంతోనే మొదలవుతుంది. దాని మీద రాబర్ట్ ఫ్రిప్ గిటార్ మీద ఒక వరస, తర్వాత జాన్ వెట్టన్ గొంతు. నాలుగు నిమిషాలకి పైగా ఇలా సాగి, గొంతు ఆగిపోతుంది. ఇక మళ్ళీ రాదు.

అక్కణ్ణుంచి బేస్ గిటార్ ఒక్కటే నడుస్తుంది. పదమూడు అక్షరాల నడక, మన లెక్కలో సంకీర్ణజాతి త్రిపుటకి ఉన్నన్ని. తొడ మీద వేసుకుంటూ విను, ఎక్కడ తిరుగుతుందో నీకు నాకంటే ముందే దొరుకుతుంది. దాని మీద ఫ్రిప్ ఒకే ఒక్క స్వరం పట్టుకుని దాన్నే కొడతాడు. కొడుతూనే ఉంటాడు. ఎంతోసేపటికి ఒక మెట్టు పైకి పోతాడు. మళ్ళీ అదే. నాలుగు నిమిషాల పైనే ఇట్లా. వెనకాల బిల్ బ్రూఫోర్డ్ అక్కడొక దెబ్బా ఇక్కడొక దెబ్బా వేస్తూ, నెమ్మదిగా డ్రమ్ముల మీదికి వస్తాడు. వానకి ముందు మన శేషాచలం కొండ మీద మబ్బు దిగుతుంది చూడు, పడుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తాం కదా, అచ్చం అదే. ఆ తర్వాత ఒక్కసారిగా విరుచుకు పడుతుంది. సాక్సఫోన్ పిచ్చెత్తినట్టు అరుస్తుంది. అంతా అయిపోయాక, మొదట్లో గిటార్ మీద విన్న ఆ వరసే పెద్దగా, నిండుగా తిరిగొస్తుంది. స్వరాలు అవే. కానీ మధ్యలో అంత దూరం నడిచొచ్చాం కాబట్టి అది వేరేగా వినిపిస్తుంది. నాలుగు నిమిషాల పాట ఈ పని ఎట్లా చేస్తుంది చెప్పు? చేయలేదు.

ఇంకో సంగతి, ఈ పాటని వెట్టన్ ముందు ఆల్బమ్‌కే తెచ్చాడు. మిగతావాళ్ళు అప్పుడు వద్దన్నారు. తర్వాతి ఆల్బమ్‌కి మళ్ళీ తీసి, తలా ఒక చెయ్యి వేసి ఇలా పెంచారు. బేస్ నడక బ్రూఫోర్డ్ ఇచ్చిందే. ఆల్బమ్ బయటికొచ్చేసరికి బృందమే లేదు, ఫ్రిప్ రద్దు చేసేశాడు. ఆ ఆల్బమ్‌లో చివరి పాటగా ఇది మిగిలింది.

మా పెద్దమ్మ సంగతి చెప్పాలి నీకు. ఇంట్లో సాయంత్రం పిల్లలకి అన్నమయ్య కీర్తనలు నేర్పుతుంది కదా. ఒకరోజు పిల్లలు వెళ్ళిపోయాక పింక్ ఫ్లాయిడ్ వాళ్ళదే 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పెట్టి వినిపించా. దాంట్లో పాడే మాట ఒక్కటీ ఉండదు. పియానో, దాని మీద ఒక ఆడమనిషి గొంతు. క్లేర్ టోరీ అని పాతికేళ్ళ అమ్మాయి, 1973 జనవరిలో ఒక ఆదివారం పిలిపించారు. ఇది చావు గురించిన సంగీతం, మాటలు లేవు, నీకు తోచింది పాడు అన్నారంతే. రెండు మూడు సార్లు పాడి, ఏదో అతిగా చేశానేమో అని క్షమించమని అడిగి, 30 పౌండ్లు తీసుకుని వెళ్ళిపోయింది. తన గొంతు ఆల్బమ్‌లో ఉందని ఆమెకి తెలిసింది రికార్డుల షాపులో అట్ట మీద పేరు చూసినప్పుడు! ఆ స్వరకల్పనలో తన వాటా కోసం 2004 లో కోర్టుకెక్కింది, మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఇప్పుడు రిచర్డ్ రైట్ పేరు పక్కన ఆమె పేరూ వేస్తున్నారు. న్యాయం జరిగింది.

పెద్దమ్మ రాగమేంటని అడగలేదు. కళ్ళు మూసుకుని వింది. మొదట్లో ఆ గొంతు గట్టిగా లేచే చోట ముఖం కొంచెం చిట్లించింది గానీ, తర్వాత గొంతు అలిసిపోయి గుసగుసలోకి దిగుతుంది చూడు, అక్కడ "ఈ బిడ్డ ఒప్పుకునేసింది రా" అంది. ఆ రెండో సగం మళ్ళీ పెట్టమంది. తర్వాత కాసేపు ఆగి, అన్నమయ్య రాగిరేకుల్లో మాటలు దొరికాయి, రాగం పేర్లు దొరికాయి, ఆయన ఎలా పాడాడో ఆ వరస మాత్రం దొరకలేదు, ఈ అమ్మాయిది మాట లేకుండా వరస ఒక్కటే నిలిచింది, అంది. నేనింకేం మాట్లాడలేదు.

జెనెసిస్ వాళ్ళ 'ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్', 1973, పగలు ప్రయాణానికి పెట్టుకో, ఆదివారం తిరిగి పోయేటప్పుడు. టోనీ బ్యాంక్స్ పియానోతో మొదలవుతుంది. మధ్యలో పీటర్ గేబ్రియల్ వేణువు మీద ఒక చిన్న వరస వాయిస్తాడు, ఒంటరిగా, సన్నగా. నువ్వు దాన్ని మర్చిపోతావు. రెండు మూడు నిమిషాల తర్వాత స్టీవ్ హాకెట్ అదే వరసని గిటార్ మీదకి ఎత్తుకుని, ఒక్కో స్వరాన్నీ లాగి లాగి, వదలడానికి మనసొప్పనట్టు వాయిస్తాడు. మూడు నిమిషాల పాటు ఒక్క వేగం ముక్క కూడా ఉండదు. గిటార్ అంటే పరుగే అనుకునేవాళ్ళకి వినిపించాల్సిన చోటు ఇది.

క్యామెల్ అనే బృందంలో ఆండ్రూ లాటిమర్‌దీ ఇదే దారి. 1979 లో 'ఐస్', పది నిమిషాలు, మాటల్లేవు. బాగా అలిసిపోయిన రోజున అది చాలు. 1999 నాటి 'రజాజ్' కూడా విను. ఎడారిలో ఒంటె నడకకి సరిపడేలా పాడే అరబ్బీ ఛందస్సు పేరు అది, పాట కూడా ఆ నడకలోనే పోతుంది. 'యెస్' వాళ్ళని గురించి అందరూ చెప్తారు, నేనూ కాదనను. 'క్లోజ్ టు ది ఎడ్జ్' మధ్యలో చర్చి ఆర్గన్ లేచే చోటు గొప్పది. కానీ ఆ పాట ఆనందంలోకి తీసుకుపోతుంది, ఇప్పుడు నీకు కావలసింది అది కాదేమో అని పక్కన పెట్టా.

ఇక కొంచెం జాగ్రత్తగా చెప్పాల్సినవి.

స్టీవెన్ విల్సన్ 2015 లో ఒక ఆల్బమ్ చేశాడు. లండన్లో ఒకావిడ 2003 చివర్లో తన ఫ్లాట్‌లో చనిపోతే 2006 దాకా ఎవరూ చూడలేదు. ఆ వార్త నుంచి పుట్టిన ఆల్బమ్ అది. అందులో 'రొటీన్' అని ఒక పాట. భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకున్న ఒక అమ్మ ఇంటి పని ఆపదు. తుడుస్తుంది, ఉతుకుతుంది, ఇస్త్రీ చేస్తుంది, వాళ్ళకోసం వండుతుంది. తొమ్మిది నిమిషాల పాటలో చాలాసేపు గొంతు పైకి లేవనే లేవదు. నినెట్ తయేబ్ అనే గాయని ఒక్కచోట అరుస్తుంది, ఒక్కచోటే. బావా, నాయన పోయినంక కూడా అమ్మ పొద్దున్నే రెండు గ్లాసుల కాఫీ కలిపి, ఒకటి స్టవ్ పక్కన అట్లే పెట్టి ఉంచుతుందని నువ్వు చెప్పినప్పుడు నాకు ఈ పాటే గుర్తొచ్చింది. వద్దని ఆమెకి చెప్పొద్దు అని నీతో అన్నాను కదా, ఎందుకన్నానో ఇది వింటే తెలుస్తుంది. ఆమె దగ్గరికి వెళ్ళేటప్పుడు విను, ఆమె దగ్గరుండి తిరిగి వచ్చేటప్పుడు మాత్రం వద్దు.

డ్రీమ్ థియేటర్ వాళ్ళ 'ద బెస్ట్ ఆఫ్ టైమ్స్' మాత్రం ఇప్పుడే పెట్టకు. డ్రమ్స్ వాయించే మైక్ పోర్ట్‌నోయ్ వాళ్ళ నాయన 2009 జనవరిలో క్యాన్సర్‌తో పోయాడు, ఆయన కోసం రాసిన పాట, పదమూడు నిమిషాలు. అందులో మాటలు చాలా సూటిగా ఉంటాయి, నాకు అక్కడక్కడా మరీ సూటిగా అనిపించాయి. కానీ చివర్లో జాన్ పెట్రూచి గిటార్ మొదలైతే ఆ ఫిర్యాదు నిలబడదు. సంవత్సరీకం అయ్యాక విను. అప్పటికి నీకు మీ నాయనతో టీవీఎస్ మీద కాణిపాకం పోయిన రోజులు నవ్వుతూ తలుచుకునే వీలుంటుంది, ఆ పాటలో ఉన్నదీ అదే, మంచి రోజుల లెక్క.

దానికి బదులు ఇప్పుడు రష్ వాళ్ళ 'ద గార్డెన్' విను. వాళ్ళలో డ్రమ్స్ వాయించే నీల్ పియర్ట్ సంగతి నీకు తెలుసా? 1997 ఆగస్టులో కూతురు కారు ప్రమాదంలో పోయింది, పది నెలల్లో భార్య క్యాన్సర్‌తో పోయింది. వాయించడం మానేసి మోటార్‌సైకిలెక్కి 88,000 కిలోమీటర్లు తిరిగాడు. తర్వాత తిరిగొచ్చాడు. 2012 లో ఈ పాటకి మాటలు అతనే రాశాడు, పియర్ట్ ఉండగా ఆ ముగ్గురూ చేసిన చివరి ఆల్బమ్‌లో చివరి పాట. 2020 లో అతనూ పోయాడు. ఇది ఏడు నిమిషాలే, అన్నిట్లోకీ నెమ్మది.

అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, మొగిలి ఘాట్‌లో సిగ్నల్ పోయిందంటే 'స్టార్‌లెస్' సరిగ్గా ఆ బేస్ నడకలో తెగుతుంది, దానంత పాపం ఇంకోటి లేదు. కోలారు దాటి బస్సులో లైట్లు తీసేశాక మొదలుపెట్టు. హెడ్‌ఫోన్ మంచిది లేకపోతే చెప్పు, నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, చిత్తూరు బస్సులో ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపిస్తా.

విన్నాక ఫోన్ కాదు, రాయి. ఏ పాట ఎక్కడ నిన్ను ఆపిందో నిమిషంతో సహా రాయి. ఆ పదమూడు లెక్క నేను 4, 4, 5 గా విడగొట్టుకుని వేసుకుంటున్నా, నీ చేతికి ఇంకోలా పడితే అదీ రాయి. పెద్దమ్మ అమ్మని అడిగానని చెప్పమంది. వీలైతే ఈసారి అమ్మని తీసుకుని ఇక్కడికే రండి, రెండు రోజులుండి పోవచ్చు.

నీ
బావ