టైరు విప్పి చూపించండి, కారణం రాసివ్వండి

సంపాదకులకు,

కారు టైరు పక్కభాగం ఉబ్బితే వారంటీ ఉందనుకుని దుకాణానికి వెళ్లానని, వాళ్లు పైపైన చూసి ఇది తమ లెక్కలోకి రాదని పంపేశారని మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. వారంటీ కింద వచ్చిన టైర్లను రిమ్ము నుంచి విప్పి, లోపలా బయటా పరీక్షించి ఫారం నింపే పని చాలా ఏళ్లు చేసినవాణ్ణి. ఆ టైరు చూడకుండా తీర్పు చెప్పలేను. కానీ విప్పకుండానే వద్దన్నారంటే ఆయనకు అన్యాయం జరిగినట్టే.

టైరు వారంటీ తయారీకి సంబంధించినది. రబ్బరులోనో, లోపలి దారాల పొరల్లోనో, ఉక్కు తీగల బెల్టులోనో, అచ్చు పోయడంలోనో లోపం ఉంటే కంపెనీ బాధ్యత వహిస్తుంది. మేకు గుచ్చుకోవడం, రాయి కోయడం, గుంతలో పడి దెబ్బ తినడం, గాలి తక్కువతో నడపడం, మోయలేనంత బరువు వేయడం అందులోకి రావు. కొన్నిచోట్ల రోడ్డు మీద తగిలే దెబ్బలకు విడిగా రక్షణ పథకం ఉంటుంది. దానికి వేరే కాగితం, వేరే షరతులు. అమ్మేవాళ్లు నోటి మాటగా అన్నిటికీ వారంటీ ఉందనేస్తారు, కొన్నవాళ్లు ఆ మాటే పట్టుకుని వస్తారు. గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఉబ్బు విషయం కాస్త వివరంగా చెప్పాలి. చక్రం గుంత అంచుకు గట్టిగా తగిలినప్పుడు ఆ అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగి, పక్కభాగంలోని దారాలు తెగుతాయి. పైన రబ్బరు చెక్కుచెదరదు. దారాలు తెగినచోట లోపలి గాలి రబ్బరును బయటికి నెడుతుంది, అదే ఉబ్బు. అది వెంటనే కనిపించకపోవచ్చు, కొన్నాళ్లకు బయటపడవచ్చు. అప్పటికి ఆ గుంత సంగతి కారు యజమానికి గుర్తుండదు. కాబట్టి తనకు దెబ్బే తగలలేదని ఆయన చెప్పేది అబద్ధం కాదు. టైరు విప్పితే మాత్రం ఉబ్బుకు సరిగ్గా వెనకవైపు లోపలి పొర మీద నలిగిన గీత గానీ, చిన్న చీలిక గానీ చాలాసార్లు కనిపిస్తుంది. ఎదురుగా రిమ్ము అంచు వంగి ఉండటమూ మామూలే. ఇది వేలు పెట్టి చూపించగల సాక్ష్యం. దాన్ని చూశాక నాతో వాదించిన వాళ్లు తక్కువ. అలాంటి గుర్తు ఏదీ లేకుండా పొరలు విడిపోయినా, కోతలు లేని చోట ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) లేచినా తయారీ లోపాన్ని అనుమానించాల్సిందే. ఆ అనుమానం కొన్నవారి పక్షాన నిలవాలి. ఎలా తేలినా ఉబ్బిన టైరు మీద కారు నడపకూడదు. పక్కభాగంలో లోపలికి నొక్కుకున్నట్టు ఉండే సన్నటి గీత వేరు. అది పొరలు అతికిన చోటు, ప్రమాదం కాదు.

గాలి తక్కువతో నడిపిన టైరు కూడా తన కథ తానే చెబుతుంది. విప్పగానే లోపలి నుంచి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, పక్కభాగం లోపల చుట్టూతా ఒరుసుకుపోయిన వలయం కనిపిస్తుంది. ట్రెడ్ రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ, ఒకవైపే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) తేడా. ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన కాగితం మీద ఉంటుంది. టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠ గాలి అంకె చూసి అంత నింపించుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

లోపం కంపెనీదేనని తేలినా కొత్త టైరు పూర్తిగా ఉచితంగా వస్తుందని అనుకోవద్దు. కొంచెమే అరిగి ఉంటే కొన్ని కంపెనీలు ఉచితంగానే మారుస్తాయి. ఆ తర్వాత మిగిలిన ట్రెడ్‌ను బట్టి లెక్క కడతారు. కొత్తగా ఉన్నప్పుడు గాడి లోతు 8 మిల్లీమీటర్లు అనుకుందాం. 1.6 మిల్లీమీటర్ల దగ్గర టైరు ఆయుష్షు తీరినట్టు. గాడుల్లో అడ్డంగా ఉండే చిన్న దిమ్మెలు ఆ హద్దును చూపిస్తాయి. అంటే వాడుకోగలిగేది 6.4. ఇప్పుడు గాడి లోతు 4.8 ఉంటే వాడుకోగలిగేది ఇంకా 3.2 మిగిలినట్టు, అంటే సగం వాడేసినట్టు, కాబట్టి సగం ధర కొన్నవారే కట్టాలి. బిగింపు, బ్యాలెన్సింగ్ ఖర్చు సాధారణంగా విడిగా పడుతుంది. ఈ లెక్క ఎంత తేలికో చూడండి. అయినా లోతు కొలిచే సాధనం కొన్నవారి చేతికిచ్చి, మీరే కొలవండని చెప్పే దుకాణాలు ఎన్ని?

ఇన్ని వేల కిలోమీటర్లు వస్తుందన్న హామీ మళ్లీ వేరు. కొత్త కారుతో వచ్చిన టైర్లకు అది చాలావరకు వర్తించదు, విడిగా కొన్న వాటికే ఉంటుంది. చక్రాలను ముందుకూ వెనక్కూ మార్పించిన ప్రతిసారీ ఓడోమీటరు అంకె రాసిన రసీదు ఉండాలి. టైరు ఒకవైపే అరిగితే ఆ హామీ చెల్లదు. పక్కన కనిపించే ట్రెడ్‌వేర్ 400 లాంటి అంకెను కిలోమీటర్లుగా లెక్కించుకోకండి. ఒక ప్రామాణిక టైరుకు 100 ఇచ్చి, దానితో పోల్చి వేసిన అంకె అది.

కొనేటప్పుడే చూడాల్సింది తయారీ తేదీ. డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2323 అని ఉంటే 2023లో 23వ వారం. బిల్లు పోతే వారంటీ గడువును చాలా కంపెనీలు ఆ తేదీ నుంచే లెక్కిస్తాయి. ఎంతోకాలం గోదాములో ఉన్న టైరు కొని బిల్లు పారేసుకుంటే గడువులో కొంత ముందే కరిగిపోయినట్టే. నాలుగు టైర్ల పూర్తి వరుస సంఖ్యలనూ బిల్లు మీద రాయించుకోవాలి. ఒక తయారీ వరుసలో భద్రతా లోపం బయటపడి కంపెనీ టైర్లను వెనక్కి పిలిపిస్తే, మనది అందులో ఉందో లేదో చెప్పేది ఆ సంఖ్యే. 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లను అలా వెనక్కి పిలిచింది. అలా పిలిచినప్పుడు వారంటీ గడువుతోగానీ, అరుగుదల లెక్కతోగానీ పని లేదు.

దుకాణదారులను నేను అడిగేవి రెండే. వారంటీ కోసం వచ్చిన ప్రతి టైరునూ యజమాని ఎదుటే విప్పండి. ఇవ్వలేమంటే ఏ గుర్తు చూసి, ఏ షరతు కింద ఇవ్వలేమో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. ఆ కాగితం ఉంటే కొన్నవారు కంపెనీకి గానీ, వినియోగదారుల న్యాయస్థానానికి గానీ వెళ్లగలరు. వట్టి మాటతో ఎక్కడికీ వెళ్లలేరు. మొదటి ఉత్తరం రాసిన పాఠకుడు ఇది చదువుతుంటే ఒక మనవి: ఆ టైరును పాత సామానుకు వేయకండి, బిల్లుతో పాటు దాచి ఉంచండి. కంపెనీకి నేరుగా రాసి, టైరు విప్పి పరీక్షించమని కోరండి.

ఇట్లు,
టైర్ల పరీక్ష విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకుడు