పంచాంగం చూసి కొలవండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో శబ్దం 'సగటున పరిమితిలోపే ఉంది', ఊరేగింపు డీజే 'ఏ వీధిలోనూ ఐదు నిమిషాలకు మించదు' అని ఒక అధికారి సెలవిచ్చినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక నావల్ల కాలేదు.

ఐదు నిమిషాలు ఎవరి లెక్కన? బ్రాడీపేటలో మా ఇల్లు అడ్డరోడ్డు మూల మీద ఉంది. డీజే బండి రెండు లైన్ల అవతల ఉండగానే కిటికీ అద్దాలు అదరడం మొదలవుతుంది. దగ్గరికొచ్చే కొద్దీ పెరిగే చప్పుడు, అంతే సేపు మోగి తగ్గిపోయే చప్పుడు కంటే ఎక్కువసేపు ఉన్నట్టు చెవికి తోస్తుంది. ఇది నా చాదస్తం కాదు, వినికిడి మీద పరిశోధన చేసినవాళ్లు చెప్పిందే. గట్టి చప్పుడూ అంతే, మెల్లని దానికంటే సాగినట్టుంటుంది. పైగా ఎప్పుడాగుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చుంటే ముల్లు కదలదు. గుండె ఆపరేషనైన మా ఆవిడని అడగండి, ఆ ఐదు నిమిషాలెంతో చెబుతుంది.

ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే ఒకే ట్యూను తిప్పి తిప్పి వినిపించారు. మూడు నిమిషాలేనని ఫోన్ చూపించింది. నేనైతే అరగంటని ఒట్టేసేవాణ్ణి! ఒకప్పుడు పదింటికి కానిస్టేబుల్ వచ్చి లాఠీ తడితే మైకు ఆగేది. ఇప్పుడు 'పెద్దవాళ్ల పెళ్లండీ, సర్దుకోండి' అని మనకే చెబుతున్నారు.

ఇక సగటు. 2000 నాటి నిబంధనల్లో ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆ 16 గంటల్లో హారన్లు అన్నీ కలిపి 5 నిమిషాలు 75 దగ్గర మోగి, మిగతా సమయమంతా 45 ఉందనుకోండి. డెసిబెల్స్‌ని మామూలుగా కూడి భాగించకుండా, శబ్దశక్తిని బట్టి తీసే సగటు 53 వస్తుంది. అంటే కాగితం మీద మాకు ఏ బాధా లేదు. ఉలిక్కిపడి లేచిన పసివాడు గంటసేపు ఏడిస్తే ఆ గంట ఎవరి ఖాతాలో వేస్తారు? ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు హారన్ కొట్టకూడదు, పగలు 50 దాటకూడదు. ఆసుపత్రులుండే మా కొత్తపేటలో ఒక్క పూట నిలబడి చూడండి.

డీజే వచ్చిన రోజు కొలిస్తే వాళ్ల సగటు కూడా నిలవదు. కానీ మా లైనుకి మీటరు తెచ్చింది మంగళవారం. అదీ మూఢంలో. ఈసారైనా పంచాంగం చూసుకుని రమ్మనండి.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు