బరకం కప్పితే సరిపోదు

సంపాదకుల వారికి,
నమస్కారం.

వాన సూచన ఉంది, ధాన్యం రాశుల మీద బరకాలు కప్పుకోండని మొన్న మీ జిల్లా పేజీలో వేశారు. మంచి మాటే కానీ సగం మాట. ఆ సగం మాట నమ్మి ఒకసారి దెబ్బతిన్నదాన్ని కాబట్టి మిగతా సగం రాస్తున్నాను.

2023లో మిచౌంగ్ తుపాను వస్తోందని నాలుగెకరాల సాంబ మసూరిని హడావుడిగా మిషన్ పెట్టి కోయించాను. కౌలు చేను. వడ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఆరబెడదామంటే ఎండ లేదు. రోడ్డు పక్కన రాశి పోసి, రెండు బరకాలు కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద ఇటుకలు పెట్టి మట్టి కూడా వేశాం. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తుపాను తీరం దాటింది. మా రాశి మీద ఒక్క చుక్క పడలేదు. బతికిపోయాం అనుకున్నాను.

వాన తగ్గాక బరకం ఎత్తితే ముఖానికి ఆవిరి కొట్టింది. కల్లు వాసన. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, వేడికి ఉంచలేక లాగేసుకున్నాను. బరకం లోపలివైపు నీళ్లు బొట్లు బొట్లుగా వేలాడుతున్నాయి. వాన లోపలికి రాలేదు కదా, మరి ఈ నీళ్లెక్కడివి?

గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ చదివే మా అబ్బాయిని ఫోన్లో అడిగాను. "అది సిలబస్‌లో లేదమ్మా" అన్నాడు. ఉందండీ. సంక్రాంతి సెలవులకు వచ్చి వాడు గడగడా అప్పజెప్పిన శ్వాసక్రియ పాఠంలోనే ఉంది. ఒక గ్లూకోజ్‌కి ఆరు ఆక్సిజన్లు కలిస్తే ఆరు కార్బన్ డయాక్సైడ్లు, ఆరు నీళ్లు, శక్తి. "ఇదెక్కడ జరుగుతుందిరా?" అంటే "ప్రాణమున్నవాటిలో" అన్నాడు. "వడ్లగింజకి ప్రాణం లేదా, మొలకెత్తట్లా?" అన్నాను. కాసేపు నా ముఖం చూసి, కాగితం తీసుకుని లెక్క మొదలెట్టాడు.

180 గ్రాముల గ్లూకోజ్ ఖర్చయితే 108 గ్రాముల నీళ్లు పుడతాయట. అంటే గింజలోని పిండి గ్లూకోజుగా కరిగి కొంత నీళ్లయింది, కొంత గాలిలో కలిసిపోయింది. బరకం కింది బొట్లలో ఎక్కువభాగం గింజలోని పచ్చి ఆవిరై పేరుకున్నదే అయినా, ఇలా కొత్తగా పుట్టింది కూడా ఉంది. ఇక వచ్చిన శక్తిలో ఇంచుమించు మూడో వంతే ఏటీపీ (కణాలు శక్తిని దాచుకునే పదార్థం) రూపంలో గింజ దాచుకోగలదు, మిగిలిందంతా వేడి. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది భీమవరంలో. అదీ వరి ఊరే.)

ఎండిన గింజలో ఈ పని ఉందో లేదో అన్నట్టు సాగుతుంది. తడి తగిలితే ఎంజైములు లేస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెండింతలవుతుంది. వేగం పెరిగితే మళ్లీ వేడి, మళ్లీ తడి. పైగా బూజు తోడవుతుంది, దానికీ తిండి ఆ పిండే. నడుమ గాలి అందనిచోట పులుస్తుంది, ఆ కల్లు వాసన దానిదే. చలికాలం పొద్దున్నే పెంటకుప్ప పొగలు కక్కడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. అదీ ఇదీ ఒకటేనని తట్టలేదు.

కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 21 శాతం చూపించింది. 17 దాటకూడదు. ఆరబెట్టుకుని రమ్మని తిప్పి పంపారు. ఎండ లేనప్పుడు ఎలా ఆరబెట్టాలో అడిగితే జవాబు లేదు. ట్రాక్టర్లో బస్తా మీద బస్తాగా రెండు రోజులు ఉండిపోయాయి, అక్కడా కాగాయి. చివరికి రంగు మారిందని బస్తాకు ఐదు కిలోలు తరుగు తీసి ఒక మిల్లువాళ్లు తీసుకున్నారు. విత్తనానికని ఉంచుకున్న రెండు బస్తాలు రాశి నడుమవి. నూరు గింజలు తడిగుడ్డలో మూటకట్టి చూస్తే ముప్పై ఏడు మొలిచాయి.

అందుకని మీ సలహా పక్కన ఇది కూడా వెయ్యండి. వాన తెరిపి ఇవ్వగానే బరకం తీయాలి. ఎండ లేకపోయినా వడ్లు పల్చగా పరిచి గాలి తగలనివ్వాలి, ఇంట్లో ఫ్యాను గాలైనా సరే. రాశిలో చెయ్యి పెట్టి చూడాలి, వేడి తగిలితే అర్ధరాత్రయినా తిరగెయ్యాలి. ఎందుకో కూడా ఒక వాక్యం రాయండి, ఉత్త ఆజ్ఞలు మాకు అధికార్ల దగ్గర కావలసినన్ని దొరుకుతాయి.

ఈసారి మా రాశి మోకాలెత్తు దాటనివ్వలేదు. రాత్రి పదింటికీ తెల్లారుజామునా వెళ్లి చెయ్యి పెట్టి చూసి వస్తున్నాను. వానలు ఇంకా మూడు రోజులున్నాయంటున్నారు, కాస్త త్వరగా వెయ్యగలరు.

ఇట్లు,
ఒక కౌలు రైతు,
కొల్లిపర మండలం, గుంటూరు జిల్లా.