కామెట్లు కూలింది చదరపు కిటికీల వల్లేనా?

సంపాదకులకు,

1954లో బ్రిటన్ తయారీ ప్రయాణికుల విమానాలైన కామెట్ జెట్‌లు చదరపు కిటికీల వల్లే కూలాయని తరచూ రాస్తుంటారు. అది సగం నిజమే. జనవరి 10న ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర పడిన విమానంలో 35 మంది చనిపోయారు. సముద్రం నుంచి తీసిన పైకప్పు రేకు చూస్తే, పగులు ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో రేడియో యాంటెనా కోసం కోసిన కిటికీ మూలన, ఒక రివెట్ రంధ్రం దగ్గర మొదలైంది. పైకెళ్లినప్పుడల్లా క్యాబిన్ ఉబ్బి, దిగినప్పుడు సర్దుకుంటుంది. ఇలా పదేపదే సాగి, 1,290 ప్రయాణాలకే రేకు అలిసిపోయి పగిలింది. (1953లో కలకత్తా దగ్గర కూలిన కామెట్‌ను ఇందులో కలపకూడదు, అది గాలివానలో విరిగింది.)

ముందుగా పరీక్షించలేదా? పరీక్షించారు, క్యాబిన్ నమూనా ఒకటి అలాంటి ఒత్తిడిని సుమారు 16,000 సార్లు తట్టుకుంది కూడా. చిక్కంతా అక్కడే. ఆ నమూనాకు అంతకుముందే మామూలుకు రెట్టింపు ఒత్తిడి పెట్టారు. దాంతో మూలల్లో లోహం కాస్త సాగి, తర్వాతి పగుళ్లను ఆలస్యం చేసింది. ప్రయాణికులు ఎక్కిన విమానాలకు అంత సాగదీత లేదు.

ప్రమాదాల తర్వాత బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రం ఉన్న ఫార్న్‌బరోలో మరో కామెట్‌ను తొట్టిలో పెట్టి నీటితో ఒత్తిడి పెట్టారు. గాలైతే బాంబులా పేలి ఆధారాలు చెదిరిపోయేవి. పాత ప్రయాణాలతో కలిపి 3,057 సార్లకు అత్యవసర ద్వారం కిటికీ మూలన చీలింది.

– ఒక పాఠకుడు, హైదరాబాద్