ట్రయల్స్ బండి తేలిక బోల్టులు: మా షాపులో ఇకమీదట ఏవి దొరుకుతాయి, ఏవి దొరకవు

టైటానియం ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టులు ఎప్పుడొస్తాయండీ అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను. ఇప్పట్లో రావు. వచ్చిన సరుకు వచ్చినట్టే వెనక్కి పంపేశాను. ప్యాకెట్ల మీద గ్రేడ్ 5, అంటే గట్టి రకం టైటానియం అని స్టిక్కరుంది గానీ, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ (లోహంలో ఏమేం కలిసాయో, బలమెంతో తయారుచేసినవాళ్లు రాసిచ్చే కాగితం) పంపండి అంటే రేపు, మాపు అంటూ ఇప్పటిదాకా కాగితం ముక్క రాలేదు. నా అడ్వాన్సు ఇంకా ఆ సప్లయర్ దగ్గరే ఇరుక్కుని ఉంది, దాని సంగతి నేను తేల్చుకుంటాను. ముందుగా డబ్బు కట్టినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, ఈ వారంలో అందరికీ తిరిగి వేసేస్తాను.

ఒక్క కాగితం కోసం ఇంత రాద్ధాంతమా అన్నారు ఒకాయన. కాగితం లేకపోతే షాపులో కూర్చుని నేను కనిపెట్టగలిగేది ఎంతో చెబుతాను. అయస్కాంతం అంటుకోదు, సరే, అల్యూమినియానికీ అంటుకోదు. గ్రైండర్‌కి తాకిస్తే తెల్లగా మెరిసే రవ్వలొస్తాయి. గుప్పెడు బోల్టులు బంగారం కొట్టు కాటాలో తూచి, కొలత గీతలున్న గాజు గొట్టంలో నీళ్లు పోసి అందులో వేసి, నీళ్లు ఎంత పైకొచ్చాయో చూసి బరువుని దాంతో భాగిస్తే మిల్లీలీటరుకి నాలుగున్నర గ్రాముల దగ్గర తేలుతుంది (స్టీలైతే 7.8, అల్యూమినియమైతే 2.8). ఇంతా చేస్తే తెలిసేది అది టైటానియం అని మాత్రమే, ఏ టైటానియమో తెలియదు. గ్రేడ్ 2 అంటే దాదాపు వేరేదేమీ కలపని టైటానియం, సాంద్రత 4.51. గ్రేడ్ 5లో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి, సాంద్రత 4.43. ఆ తేడా మన గాజు గొట్టానికి అందదు. లాగితే తెగకుండా ఆగే బలంలో మాత్రం (మెగాపాస్కల్‌లలో కొలుస్తారు) గ్రేడ్ 2కి 345కే గ్యారంటీ, గ్రేడ్ 5కి 900 దగ్గర. హెడ్ మీద 8.8 అని గ్రేడు ఉండే మామూలు స్టీలు బోల్టుకే 800 ఉంటుంది. అంటే స్టిక్కరు అబద్ధమైతే, ఉన్న బోల్టు తీసేసి అంతకు ఎన్నో రెట్లు డబ్బు పెట్టి, దానిలో సగం బలం కూడా లేనిది బిగించుకున్నట్టు.

ఏరేటర్ (చెరువు నీళ్లకి గాలి పట్టించే మిషను) బోల్టుల కోసం వచ్చే మన చెరువుల రైతులు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. ట్రయల్స్ అంటే స్పీడు పందెం కాదు. సీటు ఉండీ లేనట్టుండే తేలిక బండి మీద నిలబడి రాళ్లూ దుంగలూ ఎక్కాలి, కాలు కింద పెడితే పాయింటు పడుతుంది, తక్కువ పాయింట్లున్నవాడే గెలుస్తాడు. మన డెల్టాలో రాయి ఎక్కడుంది, అంతా ఒండ్రు మట్టేగా, అందుకని భీమవరం చుట్టుపక్కల కుర్రాళ్లు తాటి దుంగలు, పాత సిమెంటు తూములు పేర్చుకుని ప్రాక్టీసు చేస్తారు, వీలు దొరికితే రంపచోడవరం వైపు పోతారు. అసలు ట్రయల్స్ బండి కొనగలిగేవాళ్లు తక్కువ, ఉన్న బండినే విప్పి బరువు తగ్గించుకునేవాళ్లు ఎక్కువ. మాకు అన్నం పెట్టేవి ఏరేటర్లూ, రైస్ మిల్లులూ. బైకు బోల్టులు షాపులో ఒక అర, అంతే. ఆ అర ఖాళీగా ఉన్నా నేను రోడ్డున పడను, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ఎరుపు, నీలం రంగుల అల్యూమినియం బోల్టుల ఫుల్ కిట్ మీ దగ్గర ఎందుకు ఉండదండీ అని కూడా అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే ఆ కిట్ మీద వచ్చే మార్జిన్ ఇంకే బోల్టు మీదా రాదు. అందులో మంచి రకం అల్యూమినియాన్ని 7075 అంటారు, దాని బలం 570 మెగాపాస్కల్ దాకా ఉంటుంది, కాగితం మీద చూస్తే తీసిపారేసేదేం కాదు. ఇబ్బంది అక్కడ కాదు. స్టీలుకి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దుకి లోపల ఎన్నిసార్లు అదిరినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న దెబ్బ కూడా ఖాతాలో పడుతూనే ఉంటుంది. ట్రయల్స్ బండికి దెబ్బలు కాక ఇంకేముంటాయి! ఫుట్‌రెస్ట్ దగ్గర విరిగిన ఒక అల్యూమినియం బోల్టు నా కౌంటర్ మీద పెట్టుకున్నాను, వచ్చినవాళ్లు చూడొచ్చు. విరిగిన ముఖంలో ఒక పక్క నున్నగా, ఆటుపోటు తగ్గాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా వరసగా వంపులున్నాయి, మిగతాది గరుగ్గా, పలుకులు పలుకులుగా ఉంది. ఆ నున్నటి భాగమంతా పగులు కొంచెం కొంచెంగా పాకిన జాగా, గరుకు భాగం చివరి దెబ్బకి ఒక్కసారిగా తెగినది. బయటి నుంచి చూస్తే రంగు కూడా చెదరలేదు.

కాబట్టి అల్యూమినియం బోల్టులు మడ్‌గార్డుకీ, ఎయిర్ ఫిల్టర్ మూతకీ, నంబర్ ప్లేటుకీ అయితే ఇస్తాను. బ్రేక్ క్యాలిపర్, డిస్క్, యాక్సిల్, హ్యాండిల్ క్లాంప్, ఫుట్‌రెస్ట్, ఇంజన్ మౌంటింగ్, వీటికి కంపెనీ చెప్పిన గ్రేడు స్టీలే, ఎంత బతిమాలినా అంతే. డిస్క్‌కి టైటానియం వేసుకునేవాళ్లున్నారు, అమ్మేవాళ్లూ ఉన్నారు, నేను అమ్మను. సర్టిఫికెట్‌తో సరుకు వచ్చిన రోజున కూడా టైటానియం ఇంజన్ కవర్లకీ, ప్లాస్టిక్కులు పట్టే చోట్లకీ మాత్రమే.

స్టెయిన్‌లెస్ వేసేస్తే స్ట్రాంగ్ కదండీ అంటారు. చెరువు గట్టు మీద ఏరేటర్‌కి అదే మంచిది, తుప్పు అంత తొందరగా పట్టదు. కానీ ఏ2-70 అని హెడ్ మీద ఉన్నదాని బలం 700, అంటే 8.8 కంటే తక్కువే. మెరుపు చూసి మోసపోవద్దు.

ఇంతకంటే భయపెట్టేది ఇంకోటుంది. 8.8 కంటే చాలా గట్టి గ్రేడైన 12.9 అలెన్ బోల్టు నల్లగా వస్తుంది, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి ఊరికే తుప్పెక్కుతుంది, దాంతో కొందరు వాటిని తీసుకెళ్లి యాసిడ్‌లో కడిగించి జింకు ప్లేటింగ్ చేయించుకొస్తున్నారు. ఆ పనిలో హైడ్రోజన్ లోహం లోపలికి దిగుతుంది, అంత గట్టి స్టీలు దాన్ని తట్టుకోలేదు. బిగించినప్పుడు బాగానే ఉండి, తర్వాతెప్పుడో స్టాండు వేసి ఉన్న బండిలోనే హెడ్ ఊడి పడొచ్చు. ప్లేటింగ్ అయిన వెంటనే 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఓవెన్‌లో ఉంచితే ఆ ప్రమాదం తగ్గుతుంది గానీ మీరు ఇచ్చిన చోట అది చేశారో లేదో ఎవరికి తెలుసు? తుప్పు బాధైతే ఫ్యాక్టరీలోనే జింక్ ఫ్లేక్ కోటింగ్ (జింకు రేకుల పొడి పూత) వేసిన 10.9 గ్రేడు బోల్టు తీసుకోండి.

టైటానియం ఇప్పటికే వేసుకున్నవాళ్లు మరలకి యాంటీ సీజ్ గ్రీజు (మర పట్టేయకుండా రాసేది) రాయకుండా బిగించొద్దు. అల్యూమినియం కేసింగ్‌లో టైటానియం, మధ్యలో ఉప్పు తేమ, ఈ మూడూ కలిస్తే తినేసేది కేసింగ్‌నే, బోల్టుకేం కాదు. ఇంకోమాట, గ్రీజు రాశాక మాన్యువల్‌లో పొడి మరలకి ఇచ్చిన టార్కే (బిగింపు కొలత) పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది, తగ్గించి పెట్టాలి.

అసలు ఈ బోల్టులతో ఎంత తగ్గుతుందో లెక్క వేసుకోండి. టైటానియం బరువు స్టీలులో 56 శాతం. అరకిలో స్టీలు బోల్టులు మొత్తం మార్చినా తగ్గేది 220 గ్రాములు, అది 300 మిల్లీలీటర్ల పెట్రోలు బరువు. ప్రాక్టీసుకి వెళ్లేటప్పుడు ట్యాంకులో అంత తక్కువ పోసుకుంటే పైసా ఖర్చు లేదు. నట్టు దాటి వేలంత బయటికొచ్చిన బోల్టుల బదులు సరైన పొడుగువి వేసుకున్నా తగ్గుతుంది, రెండు మరలు బయటికి కనిపిస్తే చాలు. అల్యూమినియం బాడీలోకి నేరుగా దిగే ఎం8కి మాత్రం కనీసం 12 మిల్లీమీటర్ల మర పట్టాలి, 16 అయితే నిశ్చింత, అక్కడ పొడుగు తగ్గించారంటే మర స్లిప్పైపోతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు బోల్టు ఎక్కడిదో ఫొటో పంపండి, అది లేకుండా పార్సిల్ కట్టను. పొడుగు హెడ్ కింద నుంచి కొలవాలి, కౌంటర్‌సంక్ (హెడ్ లోపలికి దిగి సమంగా కూర్చునేది) అయితే హెడ్‌తో కలిపి. స్టీలు రేట్లు మారలేదు. యానాం, కాకినాడ వాళ్లకి ఎప్పటిలాగే ఆర్టీసీ కార్గోలో వేస్తాను, చార్జీ మీదే.